కుండకు రెండు రంగులెలా వచ్చాయి?

హైదరాబాద్‌లో మౌలాలి, హష్మత్‌పేట వైపు ఇనుప యుగం నాటి సమాధులు బయటపడ్డాయి. పెద్ద పెద్ద బండలు గుండ్రంగా పేర్చి, మధ్యలో చచ్చినవాళ్లను పాతిపెట్టిన చోట్లవి. తెలంగాణలో, రాయలసీమలో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి; ఊళ్లలో వీటిని రాకాసి గుళ్లని, పాండవుల గుళ్లని అంటుంటారు. వీటిని తవ్వినప్పుడు ఎముకలతో, ఇనుప సామాన్లతో పాటు దాదాపు ప్రతిచోటా ఒక రకం కుండ దొరుకుతుంది. లోపలంతా నలుపు. బయట మూతి దగ్గర కూడా నలుపే. కాస్త కిందికి వచ్చేసరికి ఎరుపు. రెండు రంగులూ కలిసేచోట గీత గీసినట్టు ఉండదు, పొగ పాకి ఆగినట్టు ఉంటుంది.

నలుపు వేరే రంగుగా పూసింది కాదు. రెండు మట్టులు కలిపి అతికించిందీ కాదు. ఒకే మట్టి. మరి రెండు రంగులెందుకు?

పాఠ్యపుస్తకాలు దీనికి ‘నలుపు–ఎరుపు మృణ్మయ పాత్ర’ అని పేరు పెట్టి ఊరుకుంటాయి. ఆ పేరే పెద్ద చిక్కు తెచ్చింది. రాజస్థాన్‌లోని ఆహాడ్‌లో ఇనుము ఇంకా తెలియని కాలపు జనం ఇలాంటి కుండలే వాడారు. గుజరాత్‌లో హరప్పా నాగరికత ఊళ్లలోనూ ఇవి దొరికాయి. నైలు నది ఒడ్డున, పిరమిడ్లు కట్టడానికి చాలా ముందే, మూతి నల్లగా ఒళ్లు ఎర్రగా ఉన్న కుండలను సమాధుల్లో పెట్టారు. అంటే ఇది ఒక జాతి గుర్తు కాదు, ఒక కాల్పు పద్ధతి. కుండ రంగు ఒకటే కదా అని మనుషులకు చుట్టరికం కలిపితే తప్పులో కాలేసినట్టే. నిప్పు దగ్గర కూర్చున్నవాళ్లకు ఎక్కడైనా, ఎప్పుడైనా తట్టగల ఉపాయం ఇది.

ఇంతకీ ఆ ఉపాయం ఏమిటో చూద్దాం.

కుండల మట్టిలో ఎంతో కొంత ఇనుము ఉంటుంది. గాలి ధారాళంగా తగిలేలా కాలిస్తే ఆ ఇనుము ఆక్సిజన్‌ను పట్టుకుని హెమటైట్ అనే ఎర్రటి ఖనిజం అవుతుంది, కుండ ఎర్రబడుతుంది. గాలి చాలని చోట నిప్పు తన ఆకలి తీర్చుకోవడానికి మట్టిలోని ఆక్సిజన్‌ను కూడా లాక్కుంటుంది. అప్పుడు ఇనుము మాగ్నెటైట్ లాంటి నల్లటి రూపాల్లోకి మారుతుంది. చాలాచోట్ల కథ ఇంతటితో ముగించేస్తారు: గాలి తగిలితే ఎరుపు, తగలకపోతే నలుపు అని. ఇది సగం నిజమే.

నలుపుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఇనుము మారడం వల్ల వచ్చేది. రెండోది మసి. గాలి లేక సరిగా మండని పొట్టు, పేడ, ఆకులు సన్నని కర్బనపు పొగ వదులుతాయి. వేడి మీదున్న కుండ ఒంట్లో కంటికి కనిపించని రంధ్రాలు కోట్లకొద్దీ ఉంటాయి. ఆ కర్బనం వాటిలో దూరి కూర్చుంటుంది. మన నలుపు–ఎరుపు కుండల్లో లోపలి నలుపు ప్రధానంగా ఈ మసి పనే.

రెండింటికీ తేడా తెలుసుకోవాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. బజారులో కొన్న నల్లకుండ పగిలితే ఒక పెంకు తీసుకుని, గాలి బాగా తగిలే బొగ్గుల మీద ఎర్రగా కాగేదాకా ఉంచి చూడండి. మసి నలుపైతే కర్బనం కాలిపోయి పెంకు ఎర్రబడుతుంది. (సమాధుల దగ్గర ఏరిన పెంకులతో మాత్రం ఈ పని చేయకండి. అసలు వాటిని ఏరనే ఏరకండి.) ఎర్రబడకుండా అలాగే నల్లగా నిలిచిందంటే అది ఇంకో జాతి నలుపు. ప్రాచీన ఏథెన్స్ కుండల మీద నిగనిగలాడే నల్ల బొమ్మలు అలాంటివే. అక్కడివాళ్లు అతి సన్నని మట్టితేటతో బొమ్మ గీసి, ఒకే కాల్పులో ముందు గాలి వదిలి, తర్వాత గాలి ఆపి, మళ్లీ గాలి వదిలేవారు. మధ్య దశలో తేట కరిగి గాజులా బిగిసిపోతుంది. చివర్లో గాలి తగిలినా లోపలి మాగ్నెటైట్‌కు అది అందదు. కుండ ఒళ్లు మాత్రం మళ్లీ ఎర్రబడుతుంది. ఈ రహస్యాన్ని 1942లో థియోడర్ షూమన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త విప్పాడు. ఆ నలుపుకు 900 డిగ్రీల పైచిలుకు వేడి కావాలి, గాలిని ఆపి వదలడానికి వీలైన కట్టుదిట్టమైన కొలిమి కావాలి. మసి నలుపుకు అంత హంగు అక్కర్లేదు. ఊకకుప్ప చాలు.

ఇక కుండను బోర్లించడం. మూతి కింద పెట్టి, ఊకలోనో బూడిదలోనో పేడపొడిలోనో కూరేలా బోర్లిస్తే కుండ లోపలికి గాలి పోదు. బయటి ఒంటికి మాత్రం మంట, గాలి రెండూ తగులుతాయి. బయట ఎరుపు, లోపల నలుపు. పొట్టులో ఎంత లోతు కూరుకుపోయిందో అంత మేర మూతి బయట కూడా నలుపు. సమాధిలో దొరికిన కుండ మీద ఆ పొగగీత అసలు కుండను ఎంత లోతున దిగేశారో చూపే గుర్తన్నమాట.

వినడానికి సులువుగానే ఉంది. కానీ కాల్పు అయిపోయాక ఏం చేశారన్నదే కీలకం. వేడి తగ్గకముందే కుండను తిరగేస్తే లోపలికి గాలి తగిలి, మసి కాలిపోయి, నలుపంతా ఎగిరిపోతుంది. చల్లారేదాకా మూతి కప్పే ఉంచాలి. కాల్చడమంటే మంట పెట్టడమేనని మనం అనుకుంటాం. ఈ కుండ విషయంలో సగం పనితనం చల్లార్చడంలో ఉంది.

దీని మీద పండితుల్లో రెండు వాదాలున్నాయి. ఒకే కాల్పులో, బోర్లించడంతోనే రెండు రంగులూ వచ్చాయని ఒకటి. ముందు మామూలుగా ఎర్రగా కాల్చి, వేడి వేడి కుండను బయటికి తీసి, పొట్టు మీదో ఆకుల మీదో బోర్లించి పొగ పట్టించారని రెండోది. రెండు రకాలుగానూ ఆ రంగులు రాబట్టవచ్చు. పెంకును విరిచి అంచు చూస్తే కొంత ఊహ అందుతుంది: నలుపు పైపొరకే పరిమితమై, దాని వెనకంతా శుభ్రంగా ఎర్రగా కాలి ఉంటే రెండో పద్ధతి అనిపిస్తుంది, గోడ మందంలో సగం దాకా నలుపు దిగి ఉంటే మొదటిది. నా మొగ్గు ఏ ఒక్క వైపూ కాదు. వేయేళ్ల పాటు, ఇన్ని వందల ఊళ్లలో అందరూ ఒకే తీరుగా కాల్చారని ఎందుకు అనుకోవాలి? పప్పుచారు కూడా మనం ఇంటికో రకంగా పెడతాం కదా.

పొగ పట్టించడం ఇప్పటికీ బతికే ఉంది. నిజామాబాద్ నల్లకుండలకు 2015లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన నిజామాబాద్ కాదు, ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లాలోది. మణిపూర్‌లో ఉఖ్రుల్ వైపు లోంగ్‌పీ గ్రామంలో తాంగ్‌ఖుల్ నాగాలు చేసే కుండలు ఇంకా ఆశ్చర్యం. వాళ్లు సారె, అంటే కుమ్మరి చక్రం, వాడరు. ఒక రకం రాతిని దంచి పొడిచేసి, మట్టిలో కలిపి, చేత్తోనే మలుస్తారు. ఆరుబయట మంటలో కాల్చి, వేడిగా ఉండగానే తీసి ఆకులతో రుద్దుతారు. ఆ పసరు కుండ ఒంట్లోకి ఇంకి నల్లటి నిగారింపు వస్తుంది.

ఈ మాట వచ్చింది కాబట్టి సారె సంగతి కూడా తేల్చుకోవాలి. కుమ్మరి అనగానే మన కళ్లముందు తిరిగేది సారే. బొమ్మల్లో, సినిమాల్లో అదే. సారె రాకముందు చేతకానివాళ్లు చేత్తో చేశారు, వచ్చాక నేర్పరులయ్యారు అన్నది మనకు తెలియకుండానే తలకెక్కిన లెక్క. ఆ లెక్క తప్పు.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అని ఒక ఊరుంది, ఆదిలాబాద్ వైపు ఉట్నూరు వేరు. అక్కడి బూడిద దిబ్బను 1957లో రేమండ్ ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వాడు. నాలుగు వేల ఏళ్ల కిందట ఆ చోట పశువుల దొడ్డి ఉండేది, పోగుపడిన పేడను మళ్లీ మళ్లీ కాల్చడంతో దిబ్బ పెరిగింది. కొన్ని పొరల్లో బూడిద కరిగి గాజుముద్దలా గట్టిపడేంత వేడి పుట్టింది. అక్కడే కుండలు కాల్చారని నేననడం లేదు. పేడ నిప్పు ఎంత పని చేస్తుందో ఆ జనానికి బాగా తెలుసని మాత్రం అంటాను. వాళ్ల కుండలు చాలామటుకు చేత్తో చేసినవే. బూడిద రంగువి, రాయితో రుద్ది నునుపు చేసినవి. కొన్నిటికి కాల్చిన తర్వాత కావిమట్టితో పట్టీలు దిద్దారు. గోడలు సమంగా, మూతులు తీరుగా ఉంటాయి. చేతకాని పనిలా ఎక్కడా కనిపించవు.

సారె లేకుండా అంత సమంగా ఎలా? మట్టిని తాళ్లలా పేని, చుట్టలు చుట్టలుగా ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ప్రతి చుట్టనూ కింది చుట్టలోకి వేలితో లాగి అతుకు కనపడకుండా చేస్తారు. అరపచ్చిగా బిగిశాక, లోపల నున్నటి గుండ్రాయి ఆనించి బయట నుంచి చెక్కబల్లతో తడుతూ వస్తారు. రాయికీ చెక్కకూ మధ్య మట్టి నలిగి పలచబడుతుంది, కుండ ఉబ్బి పెద్దదవుతుంది, చుట్టల మధ్య గాలి ఉంటే పోతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. మన ఊళ్లలో నిన్నమొన్నటి దాకా చేసిన నీళ్లకుండ కూడా సారె మీద పూర్తి కాదు. సారె మీద మూతి, మెడ తీరుతాయి. ఒళ్లు మందంగా ఉండిపోతుంది, అడుగు పూర్తిగా మూసుకోదు. ఆ మందపు ముద్దను కొంత ఆరనిచ్చి, రాయీ చెక్కా పట్టుకుని తట్టి తట్టి, అడుగు మూసి, గుండ్రటి పొట్ట తెస్తారు. అంటే కుండ సారె మీద పుట్టినా పెరిగేది చేతి దెబ్బల మీదే. నాలుగు వేల ఏళ్ల నాటి పద్ధతి సారె వచ్చాక పోలేదు, దాని వెనక చేరింది. మన దేశంలో చాలా కుమ్మరి ఇళ్లలో ఆడవాళ్లు సారె ముట్టకూడదన్న కట్టడి ఉండేది. మట్టి తొక్కడం, జల్లించడం, కుండకు మెరుగు పెట్టడం, చాలాచోట్ల తట్టడం వాళ్ల పని. పేరు మాత్రం సారె తిప్పినవాడికి. ఫొటో కూడా అతనిదే.

సారె ఇచ్చింది వేగం. తీసుకున్నదీ ఉంది. తిరిగే మట్టిలో గరుకు ఇసుక ఉంటే చేతులు ఒరుసుకుపోతాయి, కాబట్టి సారెకు మెత్తటి మట్టి కావాలి. పొయ్యి మీద పెట్టే చట్టికి సరిగ్గా దానికి విరుద్ధం కావాలి. వేడికి మట్టి వ్యాకోచించి, సన్నని పగులు మొదలైతే, గరుకు రేణువు అడ్డుపడి దాన్ని అక్కడే ఆపుతుంది. మెత్తటి మట్టిలో పగులుకు అడ్డే లేదు, ఈ చివర మొదలై ఆ చివర తేలుతుంది. అందుకే వంట కుండలకు ఇసుక, బూడిద, ఊక, పాత పెంకుల పొడి కలుపుతారు. అడుగు గుండ్రంగా ఉండడానికీ కారణం ఇదే. మూలలు ఉంటే వేడి ఒత్తిడి అక్కడ పోగవుతుంది, గుండ్రటి అడుగులో సమంగా పరుచుకుంటుంది. మనుషులంత పెద్ద గాబులు, ధాన్యం పోసే బానలు అయితే సారె మీద ఒక్క ఊపులో లేపడం కుదరదు, చుట్టల పద్ధతే గతి. కడప జిల్లా శంకవరంలో దొరికిన మట్టి శవపేటిక చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. పొట్టేలు తల, కింద కాళ్ల వరస. ఇనుప యుగం నాటి ఆ పొట్టేలును ఏ సారె మీద తిప్పగలరు?

పురావస్తు శాస్త్రవేత్తలకు పెంకు చూడగానే తెలుస్తుందా, ఇది చేతిదో సారెదో? కొంతవరకు. సారె మీద లాగిన గోడ లోపలివైపు వేళ్ల చారలు అడ్డంగా, సమాంతరంగా కనిపిస్తాయి. చుట్టలతో చేసిన కుండ అతుకుల వెంట పగులుతుంది. కానీ తట్టుడు పని ఈ రెండు గుర్తులనూ చెరిపేస్తుంది. కర్ణాటకలో, మన రాయదుర్గానికి అవతల ఉన్న బ్రహ్మగిరిని 1947లో మోర్టిమర్ వీలర్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వి, కింది పొరలో రాతి గొడ్డళ్ల జనం చేతి కుండలు, దాని మీద సమాధుల కాలపు నలుపు–ఎరుపు కుండలు, ఆ పైన ‘ఆంధ్ర’ అని పేరు పెట్టిన పొర అని వరస కట్టాడు. ఆ వరసను చేతి నుంచి సారెకు ఎక్కిన మెట్లుగా చదవడం అలవాటైపోయింది. కానీ సమాధి కుండల్లోనే నెమ్మదిగా తిప్పిన పళ్లెం మీద మొదలుపెట్టి, తట్టి పూర్తిచేసినవి బోలెడు. మెట్లు కాదవి, పక్కపక్కనే నడిచిన దారులు.

మరి అసలు కష్టం ఎక్కడుంది? ఆకారంలో కాదు, నీళ్లను సాగనంపడంలో. దీన్ని నేను పుస్తకంలో కాదు, పెరట్లో నేర్చుకున్నాను.

నిరుడు వేసవిలో చెరువు మట్టి తెచ్చి ఏడు చిన్న ముంతలు చేశాను. మొదట నల్లరేగడి కలిపి చేసినవన్నీ ఆరేలోపే నెర్రెలిచ్చాయి. ఇవ్వక ఏం చేస్తాయి, ఎండాకాలం నల్లరేగడి చేను కాలు దూరేంత పగళ్లు వేయడం చూస్తూనే ఉంటాం కదా. నీళ్లు తాగితే ఉబ్బి, ఆరితే విపరీతంగా కుంచించుకుపోయే మట్టి అది. ఎర్రమట్టి, ఇసుక కలిపి మళ్లీ చేశాను. నాలుగు రోజులు నీడన, రెండు రోజులు ఎండన. ఎముకలా ఆరాయనుకున్నాను. పిడకలు పేర్చి నిప్పుపెట్టిన పావుగంటకే మూడు ముంతలు టపటపా పేలిపోయాయి.

మట్టిలో నీళ్లు మూడు చోట్ల దాక్కుంటాయి. మలచడానికి కలిపినవి ఎండకు పోతాయి. సందుల్లో మిగిలిన చెమ్మ ఎండకు పోదు, 100 డిగ్రీలు దాటాకే ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. మంట నిదానంగా పెరిగితే అది మెల్లగా తప్పుకుంటుంది. ఒక్కసారిగా ఎగదోస్తే దారి లేక గోడ పగలగొట్టుకుని పోతుంది. నా ముంతలకు జరిగింది అదే. కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు అంటారు. నా విషయంలో గుదియ దాకా పోనక్కర్లేకపోయింది, పిసరంత చెమ్మే ఆ పని చేసింది. ఆవం, అంటే కుండలు కాల్చే బట్టీ, వెలిగించిన కుమ్మరి మొదట మంట రానివ్వకుండా గంటల తరబడి పొగే ఎందుకు పెడతాడో ఆ రోజు అర్థమైంది.

మూడో చోటు మట్టి కణంలోనే ఉంది. సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య ఆ నీరు రసాయనికంగా విడిపోతుంది. అది పోయాక మట్టి ఇక మట్టి కాదు. ఎండబెట్టిన ముంతను నీళ్లలో వేస్తే కాసేపట్లో బురదవుతుంది. ఈ గీత దాటిన ముంత వేల ఏళ్లు నేలలో నానినా కరగదు. రాకాసి గుళ్ల కింద ఎముకలు పొడి అయినా కుండలు మిగిలింది ఇందుకే. ఆరుబయట పేడ మంట 600 నుంచి 900 డిగ్రీల దాకా వెళ్తుంది, గీత దాటడానికి చాలు. థర్మామీటరు లేని రోజుల్లో కొలత కన్నే: కుండ చీకట్లో మసక ఎరుపుగా వెలిగిందంటే గీత దాటినట్టే.

ఇంకో గండం కూడా ఉంది. మట్టిలోని ఇసుక, అంటే క్వార్ట్జ్, 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి పరిమాణం మార్చుకుంటుంది. ఎక్కేటప్పుడు ఉబ్బుతుంది, దిగేటప్పుడు ముడుచుకుంటుంది. చల్లారే ఆవాన్ని తొందరపడి విప్పితే చల్లగాలికి కుండ ‘టప్’మనేది చాలాసార్లు అక్కడే. ఆ పగులు కంటికి కనపడదు, చెవికి వినపడుతుంది. సంతలో కుండ కొనే ముసలమ్మ వేలి కణుపుతో కొట్టి చూసేది దీన్నే. పగులు లేకపోతే ఖంగుమంటుంది, ఉంటే మొద్దుగా మోగి ఆగిపోతుంది.

కుండ పగలకుండా బయటపడ్డాక కూడా అది నీళ్లు కారుస్తుంది, ఎందుకంటే ఆ రంధ్రాలు పోలేదు. నీళ్లకుండకు అదే వరం. చెమర్చిన నీరు ఆవిరవుతూ కుండ వేడిని తీసుకుపోతుంది, నీళ్లు చల్లబడతాయి. పాలకూ నూనెకూ పులుసుకూ మాత్రం ఆ రంధ్రాలు శత్రువులు. కొత్త చట్టిలో మొదట గంజి కాచడం వాటిని పిండితో పూడ్చడానికే. అరపచ్చి కుండను గులకరాయితో రుద్దితే పైకణాలు పడుకుని, ఒకదాన్ని ఒకటి కప్పుకుంటాయి, నిగనిగతో పాటు కొంత నీటి కట్టడి వస్తుంది. ఆపైన రంధ్రాల్లో మసి కూరుకుంటే ఇంకొంత. సమాధుల్లోని నలుపు–ఎరుపు కుండల్లో గిన్నెలు, పళ్లేలు చాలా ఉన్నాయి, అన్నం తినే, పులుసు పోసే పాత్రలు. లోపలి నలుపు అందానికే కాదు, పనికి కూడా అని నేననుకునేది ఇందుకే.

మిగిలిన నాలుగు ముంతలను పొట్టులో బోర్లించి, రెండోసారి పొగ పట్టించాను. రెండు లోపల నల్లగా, బయట ఎర్రగా వచ్చాయి. మూడోదాన్ని ఆత్రం కొద్దీ ముందే తిరగేశాను. చూస్తుండగానే లోపలి నలుపు అంచు నుంచి అడుగు దాకా ఎర్రగా కరిగిపోయింది. నాలుగోది సాయంత్రం గాలి మళ్లడంతో ఒక పక్క ఎరుపు, ఒక పక్క నలుపు, మధ్యలో పొగగీత. దాంట్లో ఇప్పుడు ఉప్పు పోసుకుంటున్నాం.